పడుగు మీద నీలం

వీధిలో పడుగు సాగదీసిన ఆ సోమవారం పొద్దున రేవతి యూనిఫాం జేబులో చిన్న ప్లాస్టిక్ సీసా ఉంది. కంట్లో వేసుకునే చుక్కల మందుది. మందు అయిపోయాక శుభ్రంగా కడిగి, అందులో అయొడిన్ పోసి ఇచ్చారు సైన్సు టీచరు ప్రసన్నకుమారి. పిండి ఉన్న పదార్థం ఏదైనా సరే, దీని చుక్క పడితే నీలంగా మారుతుందని చెప్పారు. ఇంట్లో దొరికినవాటి మీద వేసి చూసుకోమన్నారు. బట్టల మీద మాత్రం పడనివ్వొద్దన్నారు.

రేవతి తొమ్మిదో తరగతి. క్లాసులో లేచి ప్రశ్న అడగాలంటే నాలుక అంగిట్లో అతుక్కుపోతుంది. గంట కొట్టాక స్టాఫ్ రూము గుమ్మం పక్కన నిలబడి, టీచరు బయటికి వచ్చేదాకా ఆగి, నేల చూస్తూ అడుగుతుంది. కొబ్బరికాయలోకి నీళ్ళు ఎలా ఎక్కుతాయి? పోటు వేళకి గోదావరి పాయ వెనక్కి ఎందుకు నడుస్తుంది? గబ్బిలం చీకట్లో కరెంటు తీగలకి ఎందుకు తగలదు? తడి నూలు పొడి నూలు కంటే ముదురుగా ఎందుకు కనపడుతుంది? ఒకదానికి జవాబు దొరికేలోపు ఇంకోటి పుట్టుకొస్తుంది. సీసా చేతికొచ్చాక అన్నం మెతుకు మీద వేసింది, సుద్దముక్క మీద వేసింది, అమ్మ మొహానికి రాసుకునే పౌడరు మీద కూడా వేసింది. పచ్చి అరటికాయ ముక్క నల్లబడింది. అదే గెలలో బాగా మాగిన పండు నల్లబడలేదు. మాగేలోపు పిండంతా ఎక్కడికి పోయిందా అని అన్నం తింటూ కూడా అదే ఆలోచన.

బండారులంకలో వాళ్ళ వీధి వీధంతా నేతపనివాళ్ళే. ఎండ ముదరకముందే నిలువు పోగుల పడుగును వీధి పొడవునా సాగదీసి, రెండు కొసల్లో తాళ్ళు బిగించి, బియ్యం గంజి పట్టిస్తారు. చెరో పక్క నిలబడి పొడవాటి కుంచెతో దువ్వుకుంటూ పోతారు. మధ్యలో ఆగడానికి లేదు. దువ్వకుండా ఆరిందంటే పోగులు ఒకదానికొకటి అతుక్కుని అట్టకడతాయి.

ఆ వేళ కుంచె ఒక పక్క రేవతి నాన్న సత్యదుర్గారావు చేతిలో, రెండో పక్క వెంకటలక్ష్మి చేతిలో ఉంది. ఆమె నాన్నకి పెదనాన్న కూతురు, రేవతికి అత్త. భర్త పోయాక మగ్గం అమ్మేసి, ఎదురింట్లో ఒక్కతే ఉంటూ వీధిలో అందరి పడుగులకీ గంజి పట్టి బతుకుతోంది. గంజి పాకం ఆమె చేతికే కుదురుతుందని పక్క వీధివాళ్ళు కూడా పిలుస్తారు. చూపు మందగించింది. అయినా పోగుల్ని రెండు వేళ్ళ మధ్య నలిపి, ఇక్కడ పట్టింది, ఇక్కడ పట్టలేదు అని చెప్పేస్తుంది.

రేవతి బుర్రలో మెదిలింది అదే. అత్త వేళ్ళతో చూసేది ఈ సీసాతో చూడొచ్చు కదా. గంజి పట్టినచోట నీలం వస్తుంది, పట్టనిచోట రాదు.

దువ్వడం అయిపోయి అందరూ టీలకి వెళ్ళారు. రేవతి అంచు పక్కన ఒక్క పోగు మీద ఒక్క చుక్క వేద్దామని సీసా వంచింది. అది ఒక్కసారిగా చిమ్మింది. తెల్లటి నూలు మీద రూపాయి బిళ్ళంత నీలం, కాకి రెక్కంత నిగనిగగా లేచింది.

ఒక్క క్షణం ఆ పిల్ల గుండె సంతోషంతో కొట్టుకుంది. పట్టింది. అంతా పట్టింది. అత్త చెప్పినట్టే ఉంది.

తర్వాత కొట్టుకున్నది వేరే రకంగా. అది ప్రయోగం చేసే పళ్ళెం కాదు. షావుకారు హరిబాబు గారు ఎవరి పెళ్ళికో ప్రత్యేకంగా చెప్పి నేయిస్తున్న చీరల పడుగు. ఒళ్ళంతా తెలుపు, అంచు చిలకపచ్చ. చున్నీ కొస తడిపి తుడిచింది. మచ్చ పోకపోగా ఇంకాస్త పాకింది. పోయిన వేసవిలో రాట్నం ఎంత జోరుగా తిరుగుతుందో లెక్కకడదామని చక్రానికి సుద్దముక్క కట్టి తాడు తెంపినప్పుడు నాన్న అన్నమాట చెవిలో మోగింది. ఇంకోసారి పనిముట్ల జోలికి వస్తే పుస్తకాలు మూటకట్టి అటక మీద పడేస్తాననీ, ఆ తెగిన రాట్నమే నీకు బడి అనీ అన్నాడు. నాన్న కోపంలో అన్నవి మర్చిపోయే మనిషి కాదు.

టీలు తాగినవాళ్ళు గుమ్మాలు దాటుతున్నారు. రేవతి నీలం పోగుల్ని గోటితో పక్క పోగుల కిందకి తోసేసింది. నాన్న అవతలి కొస నుంచి పడుగు చుట్టుకుంటూ వచ్చాడు. ఇవతల కొస పట్టుకుని సర్దింది వెంకటలక్ష్మత్త. మచ్చ ఆమె చేతుల మధ్య నుంచే వెళ్ళి చుట్టలో కలిసిపోయింది. ఆమె చూడలేదు.

*

ఆ రోజు నుంచి రేవతి చెవులు మగ్గం చప్పుడు మీదే ఉండేవి. పేక పోగు తెచ్చే నాడె అటూ ఇటూ పరిగెత్తిన ప్రతిసారీ చుట్ట కొంచెం విప్పుకుంటుంది. నీలం కొంచెం దగ్గరికొస్తుంది. పొద్దున్నే నాన్న లేవకముందే మగ్గం వెనక్కి వెళ్ళి వంగి చూసేది. ఇంకా రాలేదు. ఈ వేళకి రాదు. ఆ భరోసాతో రెండు ముద్దలు దిగేవి.

చినిగిన పంచె ముక్కకి గంజి పెట్టి, ఆరబెట్టి, అయొడిన్ చుక్క వేసి పెరట్లో ప్రయత్నాలు మొదలుపెట్టింది. సబ్బుకి పోలేదు. మరిగిన నీళ్ళలో ముంచితే మాయమైంది. సంబరపడి బయటికి తీస్తే, చల్లారాక మళ్ళీ మెల్లగా నీలం తేలింది. దొంగ తొంగి చూసినట్టు అనిపించింది.

మంగళవారం గంట కొట్టాక స్టాఫ్ రూము గుమ్మం దగ్గర నిలబడి, నేల చూస్తూ, నీలం వచ్చాక మళ్ళీ తెల్లగా అవ్వాలంటే ఏం చెయ్యాలని అడిగింది. టీచరు ఆ పిల్ల గోళ్ళ సందుల్లోని నలుపు చూసి నవ్వారు. జవాబు చెప్పేయకుండా, పుల్లటి పండ్లలో ఏ విటమిన్ ఉంటుందో అది వేసి చూడమన్నారు. ఎవరి బట్ట మీద పడిందని అడగలేదు. అడిగితే అక్కడే ఏడ్చేసేది.

సాయంత్రం పంచె ముక్క మీద నిమ్మకాయ పిండింది. చూస్తుండగానే నీలం కరిగి, పసుపై, పోయింది. రేవతి చాలాసేపు ఆ తెల్లటి ముక్కని రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది. ఇక మచ్చ పైకి రావడమే తరువాయి. నాన్న చూసేలోపు తను చూడాలి. అంతే.

బుధవారం పొద్దున కూడా రాలేదు. గురువారం పొద్దున కూడా రాలేదు. గురువారం మధ్యాహ్నం, ఆమె బడిలో ఉండగా వచ్చింది.

*

ఇంటికొచ్చేసరికి గుమ్మం ముందు చెప్పులున్నాయి. మగ్గం గుంటలో నాన్న లేడు. బయట గోడకి ఆనుకుని కూర్చున్నాడు. లోపల అమ్మ ఉమాదేవి, పక్కింటి బంగారరాజు మావయ్య, ఇంకో ఇద్దరు వంగి చూస్తున్నారు. తెల్లటి పోగుల నడుమ, పేకను బిగించే అచ్చుకి జానెడు దూరంలో, నీలం.

అప్పటికే తీర్పు అయిపోయింది. సోమవారం పొద్దున వెంకటలక్ష్మి దుప్పట్లకి నీలిమందు పెట్టుకుందనీ, ఆ చేతులు సరిగా కడుక్కోకుండానే పడుగు ముట్టిందనీ ఎవరో గుర్తుచేశారు. చుట్టేటప్పుడు ఆ కొస పట్టుకున్నదీ ఆమేనని అమ్మ అంది. బంగారరాజు మావయ్య చూపు లేనివాళ్ళకి తెల్లపడుగు అప్పజెప్పడం మనదే తప్పన్నాడు.

వెంకటలక్ష్మత్తని పిలిపించారు. ఆమె వచ్చి, మచ్చకి మొహం దగ్గరగా పెట్టి, తన అరచేతుల్ని వెలుతురుకి తిప్పి తిప్పి చూసుకుంది.

"నా చెయ్యే అయ్యుంటాది తమ్ముడూ. కడుక్కున్నాననే అనుకున్నాను."

నాన్న తలెత్తలేదు. "పెద్దదానివి. నేనేం అనను అక్కా. ఇకనించి గంజి పనికి నువ్వు రానక్కర్లేదు" అన్నాడు.

రేవతి గుమ్మంలో పుస్తకాల సంచీ భుజాన ఉంచుకునే నిలబడింది. నోరు తెరిచింది. నాలుక అంగిట్లోనే ఉండిపోయింది. అత్త ఆమె పక్క నుంచి గోడ తడుముకుంటూ వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం అమ్మ మగ్గానికి నిమ్మకాయతో దిష్టి తీసింది. కోసిన రెండు చెక్కలకీ కుంకం అద్ది గుమ్మానికి చెరో పక్క పెట్టింది.

*

శుక్రవారం పొద్దున నాన్న హరిబాబు గారికి సంగతి చెప్పడానికి వెళ్ళాడు. అమ్మ పంపు దగ్గరికెళ్ళింది. రేవతి వంటింట్లోంచి నిమ్మకాయ తెచ్చి, పత్తి ముంచి, ఒక్కో పోగుకీ అద్దింది. నీలం పోయింది. తడి గుడ్డతో రెండుసార్లు ఒత్తి, నిమ్మచెక్క మురుగు కాలవలో పారేసి, బడికి పరిగెత్తింది. సగం దూరం వెళ్ళాక ఊపిరాడింది. మచ్చే లేకపోతే తప్పే లేదు. తప్పు లేకపోతే అత్త మీద మాటా ఉండదు. అది లెక్క సరిపోయినట్టే అనిపించింది.

లెక్క తప్పిందని సాయంత్రం వీధి మలుపులోనే తెలిసింది. పొద్దున నాన్న షావుకారుని వెంటబెట్టుకుని వచ్చాడట. మచ్చ ఎక్కడయ్యా అని హరిబాబు గారు కళ్ళజోడు పైకీ కిందకీ చేసి వెతికారట. పొద్దున్నే తాగొచ్చేవా దుర్గారావూ అని ఎకసెక్కాలాడి వెళ్ళిపోయారట. నాన్న పోగుల మీద చెయ్యి వేసి చూస్తే చెమ్మ, నిమ్మకాయ వాసన.

అమ్మ అదంతా నాలుగిళ్ళ ఆడవాళ్ళని కూర్చోబెట్టి చెబుతోంది. ఆమె మొహంలో నిన్నటి భయం లేదు.

"నీలిమందైతే ఉతక్కుండా ఎలా పోతాదండి? అది దిష్టి. నిన్న నిమ్మకాయ తిప్పేను, పొద్దుటికి పోయింది. ఆవిడ చెయ్యి కాదు వదినా, ఆవిడ చూపు."

ఒకామె తన మగ్గం మీద పోగులు ఊరికే తెగుతున్నాయనీ, కిందటి నెల తన పడుగుకీ వెంకటలక్ష్మే గంజి పట్టిందనీ గుర్తుచేసుకుంది. ఇంకొకామె పిల్లకి జొరం తగ్గకపోవడానికి కూడా ఇప్పుడే కారణం దొరికింది. నిన్నటిదాకా కడుక్కోని చేతులు. ఈ రోజుకి అవి కళ్ళయ్యాయి. చేతులైతే కడుక్కోవచ్చు.

రేవతి సంచీ పడేసి ఎదురింటికి వెళ్ళింది. ఎందుకు వెళ్తోందో తెలియదు. చేతిలో అమ్మ పెట్టిన జంతిక ఉంది. అత్త అరుగు మీద చాటలో బియ్యం ఏరుతోంది. అడుగుల చప్పుడు పోల్చుకుని నవ్వబోయి, చటుక్కున మొహం గోడవైపు తిప్పేసుకుంది.

"అటెళ్ళి తినవే. నా ఎదురుగా వద్దు."

"ఏం అత్తా?"

"ఏమోనమ్మా. అందరూ అంటన్నారు. నాకు తెలీకుండా నా చూపులో ఏముందో." ఆమె గోడని చూస్తూనే బియ్యంలో వేళ్ళు తిప్పింది. "మీ మావయ్య పోయినప్పుడు కూడా అన్నారులే ఎవరో. అప్పుడు నమ్మలేదు."

రేవతి పిడికిట్లో జంతిక నలిగి పొడైపోయింది.

రాత్రి పడుకుని తనకి తాను చెప్పుకున్న సమాధానాలన్నీ తెల్లారేసరికి చప్పబడ్డాయి. సీసా గురించి చెబితే పుస్తకాలు అటకెక్కుతాయి. టీచరుకి కూడా మాట వస్తుంది. పైగా మచ్చ ఇప్పుడు లేదు. ఎవరు నమ్ముతారు? తనే స్వయంగా, పత్తితో, పోగు పోగునా అద్ది, ఉన్న ఒక్క సాక్ష్యాన్నీ తుడిచేసింది.

*

శనివారం బంగారరాజు మావయ్య పడుగు. వీధంతా బయటే ఉంది. వెంకటలక్ష్మత్త నిలబడాల్సిన పక్కన ఉమాదేవి నిలబడింది. ఆమెకి గంజి పని అంత రాదు. చెయ్యి ఒకచోట ఎక్కువ పోస్తోంది, ఒకచోట తక్కువ. కుంచె కూడా మొరాయిస్తోంది. బంగారరాజు విసుక్కుంటున్నాడు కానీ ఎదురింటి వైపు చూడటం లేదు. ఎవరూ చూడటం లేదు. అత్త ఎప్పటిలాగే స్నానం చేసి, కొంగు బిగించి, తన అరుగు మీద కూర్చుంది. పిలుస్తారని కాదు. ఆ వేళకి అలా కూర్చోవడం ఒంటికి అలవాటైపోయింది. మొహం మాత్రం గోడవైపు ఉంది.

రేవతి బడి బట్టల్లో గుమ్మం దిగింది. వంటింట్లోంచి తెచ్చిన కొబ్బరిచిప్ప ఒక చేతిలో, నిమ్మచెక్క ఒక చేతిలో. గంజి కుండ దగ్గరికెళ్ళి చిప్ప ముంచింది.

"ఏంటే అది, గంజి తాగుతావా? టిఫిను పెట్టలేదా మీ అమ్మ?" అన్నాడు బంగారరాజు. ఇద్దరు నవ్వారు.

చిప్పని వీధి మధ్యలో, అందరికీ కనపడేలా, ఇటుక మీద పెట్టింది. జేబులోంచి సీసా తీసింది. మొదటి చుక్క మట్టిలో పడింది. రెండోది చిప్పలో పడింది.

నవ్వులు ఆగిపోయాయి. గంజి నీలంగా, నల్లగా, ఆ గురువారం నాటి మచ్చ రంగుకే తిరిగింది. ఆ రంగు వీధిలో అందరికీ గుర్తుంది. రేవతి నిమ్మచెక్క పిండి వేలితో కలిపింది. నీలం పోయింది.

"దుర్గారావు కూతురికి మంత్రాలొచ్చేసినట్టున్నాయండోయ్" అన్నాడు బంగారరాజు.

"మంత్రం కాదు మావయ్యా. అయొడిన్. బళ్ళో ఇచ్చేరు." గొంతు తనది కానట్టు వినపడింది. ఆగితే మళ్ళీ రాదని తెలుసు. "సోమారం పడుగు మీద వేసింది నేను. పక్క పోగుల కింద దాచేసింది నేను. నిన్న నిమ్మకాయ పిండింది కూడా నేనే. అత్త చెయ్యి కాదు. అత్త చూపూ కాదు."

ఉమాదేవి చేతిలో కుంచె ఆగిపోయింది. నాన్న వచ్చి చిప్ప ముందు గొంతుకూర్చున్నాడు. వేలు ముంచి వాసన చూశాడు. నిన్న పోగుల మీద తగిలిన వాసనే.

"నిన్న నువ్వే పిండేవా?"

"ఆయ్ నాన్నా."

"మీ అత్తని నేను ఆ మాట అంటన్నప్పుడు నువ్వు గుమ్మంలోనే ఉన్నావు."

"ఆయ్."

ఆయన కొట్టలేదు. అటక మాట ఎత్తలేదు. కొట్టినా బాగుండునని రేవతికి అనిపించింది. చెయ్యి చాపాడు. సీసా ఆ చేతిలో పెట్టింది. దాన్ని చొక్కా జేబులో వేసుకుని లేచాడు. వీధిలో అందరూ ఆయన మొహమే చూస్తున్నారు. ఉమాదేవి మాత్రం చేతిలో కుంచెని చూసుకుంటోంది.

"దుర్గారావూ, పడుగు ఆరిపోతంది" అన్నాడు బంగారరాజు. ఇంతకుముందటి విసుగు ఇప్పుడు లేదు. "ఎవరన్నా పిలండయ్యా ఆవిణ్ణి."

గంజి పనికి పిలవాలంటే గుమ్మంలోకి వెళ్ళే పిలవాలి. ఇవతల నుంచి కేకేస్తే మర్యాద కాదు. వద్దన్నవాడే వెళ్ళాలని ఎవరూ అనలేదు కానీ ఎవరూ కదల్లేదు కూడా. సత్యదుర్గారావు వీధి దాటి అరుగు కింద నిలబడ్డాడు.

"అక్కా. రా."

వెంకటలక్ష్మి గోడవైపు నుంచి తిరగలేదు. అంతా విన్నదని ఆమె మెడ చెబుతోంది. కాసేపటికి లేచి లోపలికి వెళ్ళింది. గిన్నె చప్పుడైంది.

"టీ పెట్టుకుంటన్నాను. తాగొస్తాను" అంది లోపల్నించి.

ఎండ కొబ్బరాకుల మీంచి దిగి పడుగు మీదకి వచ్చింది. తడి తెలుపు ఒక పక్క నుంచి పొడి తెలుపుగా మారుతోంది. ఉమాదేవి రెండుసార్లు కుంచె ఆడించి, ఇంకా పాడవుతుందేమోనని ఆపేసింది. ఇవతల కొసన తాడు వదులైంది. పట్టుకునేవాళ్ళు లేక రేవతి వెళ్ళి పట్టుకుంది. బంగారరాజు గొంతు సవరించుకున్నాడు, అంతే. ఆవిణ్ణి తొందరపెట్టమని ఆయనా అనలేదు, నాన్నా అనలేదు. ఎదురింట్లోంచి పాలు పొంగిన వాసన వచ్చింది. ఆమె గ్లాసు పట్టుకుని అరుగు మీదకొచ్చి, వీధికి ఎదురుగా కూర్చుని, ఊదుకుంటూ తాగింది. పెద్దగా తొందరేం లేదన్నట్టు అడుగు పంచదార కోసం గ్లాసు తిప్పింది కూడా. నాన్న అరుగు కిందే నిలబడి ఉన్నాడు. బడి మొదటి గంట దూరంగా వినపడింది. రేవతి చేతులు లాగుతున్నాయి.

గ్లాసు తొలిచి బోర్లించి, ఆమె మెట్టు దిగింది. తమ్ముణ్ణి దాటుకుని వచ్చి పడుగు మీద రెండు వేళ్ళు పెట్టి నలిపింది.

"ఈ పక్క అట్టకట్టేసింది బంగారరాజూ. మళ్ళీ గంజి పట్టాల్సిందే." ఉమాదేవి చాపిన కుంచె అందుకుంది. దువ్వుకుంటూ ఇవతల కొసకి వచ్చేసరికి రేవతి తలొంచుకుంది.

అత్త ఆగింది. గడ్డం కింద గంజి వేలు పెట్టి ఆ మొహం పైకెత్తి, మసక కళ్ళతో దగ్గరగా, చాలాసేపు చూసింది.

"నిన్ను తిట్టేది చాలా ఉందే. పనయ్యాక తిడతాను" అంది. "ముందు తాడు బిగించి పట్టుకో."

రేవతి రెండు చేతులతో తాడు చుట్టి, మడమలు మట్టిలో దిగేలా వెనక్కి వంగింది.